పదహారు పిడికిళ్ల మట్టి

శోణగిరి కోట పడమటి ద్వారం ముందు, మధ్యాహ్నం వాలిన ఎండలో, ఒక పిల్లా ఒక పొట్టేలూ పోట్లాడుకుంటున్నారు.

పిల్ల పేరు చెంగలి. తుమ్మలసీమ కుమ్మరుల ఆడపడుచు. చెయ్యి చురుకు, నోరు అంతకు రెండింతలు చురుకు. పొట్టేలు పేరు కోనప్ప. చెంగలికి తోడబుట్టిన అన్న.

నవ్వకండి. పది రోజుల కిందటి దాకా అతడూ మనలాంటి మనిషే. కాకపోతే మనకంటే కాస్త ఎక్కువ మాట్లాడే మనిషి. ఆ మాటలకు మురిసిపోయే జనం అతణ్ణి సభికుడిగా ఎన్నుకున్నారు.

శోణగిరి రాజ్యానికి పదహారు సీమలు. ఒక్కో సీమ నుంచి ఒక్కో సభికుడు. ఆరేళ్లు ఒక విడత. అలా రెండు విడతలు, అంటే పన్నెండేళ్లు నిండాయంటే ఎంతటి మొనగాడైనా సభలో తన పీట దిగి ఇంటిదారి పట్టవలసిందే. ఇది రాజ్యం పుట్టిన నాటి కట్టడి. తుమ్మలసీమ పీట మీద పన్నెండేళ్లుగా కూర్చున్న గండభైరవ నాయకుడి గడువు తీరిపోయింది. కోనప్ప ఆచారం ప్రకారం సొంత నేల మట్టిని మూటగట్టుకుని, దారిలో తన మాటలు వినడానికి చెల్లెల్ని వెంటబెట్టుకుని రాజధానికి బయలుదేరాడు. ఊరి పొలిమేర సత్రంలో వంకర ముక్కు సన్యాసి ఒకడు ఎదురై చెంబెడు మజ్జిగ ఇచ్చాడు. కోనప్ప గటగటా తాగేసి, "బాగుంది సామీ, ఉప్పే కాస్త..." అనబోయి, "మే" అన్నాడు.

సన్యాసి మట్టిమూట లాక్కుని మాయమవుతూ శాపానికి విరుగుడు కూడా చెప్పిపోయాడు. మంత్రగాళ్లకు అదొక జబ్బు. చెప్పకపోతే కడుపు ఉబ్బిపోతుంది. "శ్రావణ పున్నమి నాడు పొద్దు గుంకేలోపు నీ పీట మీద నువ్వు కూర్చుంటే మళ్లీ మనిషివి అవుతావు. లేదా, ఆ పూట కోట విందులో పలావువి అవుతావు!"

కోనప్ప భయంతో ఇంటివైపు పరుగు తీసి, వానకు తడిసిన తమ సొంత మట్టిగుంటలోనే దబ్బున పడ్డాడు. చెంగలి కొమ్ములు పట్టుకుని బయటికి లాగింది. గిట్టల సందుల్లో ఇరుక్కున్న ఆ ఎర్రమన్ను ఎండకు ఇటుకలా గట్టిపడింది. నాటి నుంచి అతడు నాలుగడుగులకోసారి కుంటుతూ, కుంటినప్పుడల్లా చెల్లెలి వంక నిష్ఠూరంగా చూస్తున్నాడు.

ఆ శ్రావణ పున్నమి ఇవాళే.

"నడువన్నా! గిట్టల్లో మన్ను తీసేదానికి ఇప్పుడు తీరిక యాడుంది? పొద్దు వాలిపోతా ఉంటే!" అంది చెంగలి.

కోనప్ప కదలలేదు. ద్వారం పక్కన వేలాడుతున్న పలకను కళ్లు పెద్దవి చేసి చూస్తున్నాడు. "నేడు సభికులకూ, విందు పొట్టేళ్లకూ తప్ప అన్యులకు ప్రవేశం లేదు" అని రాసి ఉంది. చదువు రాని పొట్టేలైతే ఇంత బాధ ఉండేది కాదు.

ద్వారపాలకుడు లొట్టలు వేస్తూ ముందుకొచ్చాడు. "బలే పుష్టిగా ఉంది. తాడు ఇలా ఇచ్చి నువ్వు పో పిల్లా."

"ఇస్తా గానీ అయ్యా, నేను పక్కన లేకపోతే ఇది పొడుస్తాది."

"ఇదా? పెళ్లికొడుకులా తల దించుకుని నిలబడింది, ఇది పొడవడమేమిటి!"

చెంగలి వంగి అన్న చెవిలో, "ఈయన గండభైరవుడి మనిషంట" అంది. మరుక్షణం ద్వారపాలకుడు గుర్రాల నీళ్లతొట్టిలో నడుము దాకా మునిగి ఉన్నాడు. తొట్టిలోంచే చెయ్యి ఊపి, ఇద్దర్నీ లోపలికి పొమ్మన్నాడు.

వంటశాల ముంగిట ఏనుగులు దాక్కునేంత రాగి కాగులు పొగలు కక్కుతున్నాయి. అల్లం గుట్టలు, ఏలకుల రాశులు, నేతి బానలు, తెల్లని సన్నబియ్యపు కొండలు. ఆ వాసనకు దారిన పోయే గంధర్వులు కూడా కాసేపు ఆగి ఉంటారు. పెద్ద వంటవాడు వచ్చి కోనప్ప నడుమును జానతో కొలిచి, తృప్తిగా తలాడించి, గుంజకు కట్టేశాడు. "సభ ముగిసి పొద్దు గుంకగానే దీని పని" అని కత్తి నూరడం మొదలుపెట్టాడు.

సభామండపంలోకి పోయే దారేదా అని చెంగలి వెతుకుతుండగా వెనక నుంచి గొంతు వినబడింది. "ఏయ్ పిల్లా! ఏదీ, చేతులు చూపించు!"

కుండలాంటి పొట్ట, రెండు చేతుల్లో రెండు బొబ్బట్లు. కుక్షింభరుడని, కోటలో తూనికలు చూసే తులాచార్యుడికి ముఖ్య శిష్యుడు. చెంగలి చేతులు తిప్పి చూసి అతడు పొంగిపోయాడు. "గోళ్లలో మట్టి! కుమ్మరిదానివా? దేవుడు పంపినట్టు వచ్చావు. రా, రా."

పెరట్లో నల్లటి తోటమట్టి ఒకటే కుప్పగా పోసి ఉంది. పక్కన పసుపు, జేగురు, బొగ్గుపొడి, సున్నం గిన్నెల్లో ఉన్నాయి. వాటి ముందు వరసగా పదహారు పట్టు సంచులు.

"ఈ ఒక్క మట్టినే పదహారు రంగులు చెయ్యాలి. సంచికొక రంగు. మా మనిషికి కలపడం చేతకాక అన్నీ బురదరంగే చేస్తున్నాడు" అన్నాడు కుక్షింభరుడు.

చెంగలి సంచులు లెక్కపెట్టింది. పదహారు సంచులంటే ఏమిటో ఆ రాజ్యంలో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. కట్టడి ఏదైనా మార్చాలంటే ప్రతి సభికుడూ తన సీమకు పోయి, తానే స్వయంగా మోసి తెచ్చిన పిడికెడు మట్టిని సభలోని త్రాసులో వెయ్యాలి. పాత కట్టడి ఉండాలనుకుంటే ఎడమ తట్టలో, మారాలనుకుంటే కుడి తట్టలో. ఏది బరువు తూగితే అది నెగ్గినట్టు. ఈ తూకం వల్ల జనం సభికుణ్ణి ఎన్నుకునేటప్పుడు అరచేతి వెడల్పు కూడా చూసేవారు. ఒకప్పుడు కొందరు గడుసువాళ్లు మట్టిని తడిపి బరువు పెంచితే, పొడిమట్టే తేవాలని ఇంకో నిబంధన పెట్టారు. ఇన్ని తిప్పలు ఎందుకంటే, పెద్ద నిర్ణయం చేసే ముందు మనిషి ఒక్కసారైనా ఇంటికి పోయిరావాలని, ఆ నేల తొక్కి ఆ జనం మొహం చూడాలని పూర్వపు రాజుల ఉద్దేశం.

"అదేంది సామీ, సభికులు వాళ్ల ఊళ్లకు పోయి తెచ్చుకోరా?" అంది చెంగలి అమాయకంగా.

"పోతే జనం వదులుతారా? బాట ఏదీ, కాలవ ఏదీ అని చుట్టుకుంటారు. పాపం, పెద్దమనుషులు. అందుకని మా గురువుగారు దయతలిచి ఇక్కడే తవ్వించారు." కుక్షింభరుడు మూడో బొబ్బట్టు అందుకుని గొంతు తగ్గించాడు. మాట కడుపులో దాచుకోలేని జబ్బు ఇతనికీ ఉంది మరి. "పన్నెండేళ్ల గడువు ఇవాళ ఎత్తేస్తారు. ప్రాణమున్నంత కాలం సభికుడే! తూకం అయ్యాక మా గురువుగారు పదహారుమందికీ సహస్రాయు గుళికలు ఇస్తారు. మింగినవాడు వెయ్యేళ్లు బతుకుతాడు. ఆ వెయ్యేళ్లూ గురువుగారు కూర్చోమంటే కూర్చుంటాడు, లెమ్మంటే లేస్తాడు. ఎలా ఉంది?"

"నాకేం తెలుసు సామీ, మట్టి పిసుక్కునేదాన్ని" అని చెంగలి చేతులు కుప్పలో పెట్టింది.

వెయ్యేళ్లు! ఆ గండభైరవుడు వెయ్యేళ్లు ఆ పీట మీదే కూర్చుంటే అన్న ఎక్కేదెప్పుడు? ఈ పూటకే పలావైపోతాడు. ఆమెకు ఏడుపొచ్చింది, ఏడుపు కంటే ఎక్కువగా ఒళ్లు మండింది. పొడిమట్టికి రంగు గట్టిగా పట్టాలంటే తుమ్మజిగురు కలిపి ఆరబెట్టాలని కుమ్మరి ఇంట్లో పుట్టిన ప్రతివాళ్లకూ తెలుసు. చెంగలి ఆ సంగతి కావాలనే మరిచిపోయింది. పైపైన రంగులు చల్లి, పదహారు సంచులూ నింపి, ముచ్చటగా ముడులు వేసింది.

కుక్షింభరుడు మురిసిపోయి, "ఈ సంచుల పళ్లెం సభలోకి మోయాల్సినవాడు తిన్నదరక్క పడుకున్నాడు. నువ్వే మోద్దువు గానీ, పళ్లెం మోసేవాడికి మీసం ఉండాలని ఆచారం. తలపాగా నేనిస్తాను, మీసం నువ్వు చూసుకో" అన్నాడు.

చెంగలి వంటశాలకు పరుగెత్తింది. "అన్నా, కదలబాక" అంటూ కోనప్ప మెడ కింద గుప్పెడు ఉన్ని కత్తిరించి, బియ్యపు గంజితో పైపెదవికి అంటించుకుంది. కోనప్ప ఘోరంగా నొచ్చుకున్నాడు. నోరుంటే ఆ ఒక్క విషయం మీద అరగంట మాట్లాడేవాడు. మట్టిముద్దలు కోసే తీగ ఆమె మొలలో ఎప్పుడూ ఉంటుంది. దానితో అతని తాడును ముప్పాతిక వంతు కోసి, "నేను ఈలేస్తే తెంపుకుని రా. యాడున్నా రా. ఎవురడ్డమొచ్చినా ఆగబాక" అని చెప్పి పళ్లెం ఎత్తుకుంది.

ఆ సభామండపాన్ని ఏమని వర్ణించను! పదహారు చంద్రకాంత స్తంభాలు, స్తంభానికొక రతనాల లత, లతకొక మరకతాల చిలక. పైన నీలమణులు పొదిగిన గుమ్మటం, దాని నడుమ ఆకాశం కనిపించే గవాక్షం. మండపం మధ్యలో నిలువెత్తు కంచు ఏనుగు. దాని తొండం చివర నుంచి వేలాడుతున్నది ఆ ప్రసిద్ధమైన త్రాసు. ఏనుగు చుట్టూ పదహారు సీమల చెక్కతో చేసిన పదహారు పీటలు. కూర్చుని కూర్చుని వాటి నడుములు గుంటలు పడ్డాయి. సింహాసనం మీద మందారసేన మహారాజు, గడ్డం గుండెల మీద ఆన్చి, ప్రజల క్షేమం గురించి కునుకు తీస్తున్నాడు.

త్రాసు పక్కన పట్టుశాలువాలో తులాచార్యుడు నిలబడి ఉన్నాడు. చెంగలి అతని మొహం చూసి కొంచెంలో పళ్లెం వదిలేసేదే. అదే వంకర ముక్కు. సత్రంలో మజ్జిగ పోసిన ముక్కు.

"మహాప్రభూ, గడువు రద్దు శాసనం మీద వాదన ప్రారంభం" అన్నాడు తులాచార్యుడు.

ముందుగా లేచింది ఏటిగట్టుసీమ సభికురాలు ఓబుళమ్మ. నెరిసిన ముడి, చేతిలో పేము కర్ర. ఆమె కూడా పన్నెండో ఏట ఉంది.

"నేను మొదటిసారి వచ్చిననాడు తూము అంటే ఏందో, గండి అంటే ఏందో తెలీదు మహారాజా. ఆ ఆరేళ్లూ నేర్చుకోడానికే సరిపోయినాయి. తర్వాత ఆరేళ్లలో మా సీమకు సగం కాలవ తవ్వించినాను. ఇప్పుడు దిగిపొమ్మంటున్నారు. రేపొచ్చే కొత్తవాడు తూము అంటే ఏందని మళ్లీ మొదటి నుంచీ అడుగుతాడు. ఈలోగా నా సగం కాలవలో గేదెలు పడుకుంటాయి. పని నేర్చినోళ్లను పంపేసి, నేర్వబోయేవాళ్లను పిలుచుకునే ఈ కట్టడి ఎవురికి మేలు?"

చెంగలి మీసం కింద నోరు తెరుచుకుంది. నిజమే కదా! కుమ్మరి సారె మీద తన చెయ్యి కుదరడానికి ఏడేళ్లు పట్టింది. సరిగ్గా అప్పుడెవరైనా వచ్చి లేచిపొమ్మని ఉంటే ఆ సారె ఎత్తి వాళ్ల నెత్తిన వేసి ఉండేది. ఈ అవ్వ చెప్పింది అబద్ధం కాదు. చెంగలి అలా మెత్తబడుతుండగా వంటశాల వైపు నుంచి కత్తి నూరుతున్న చప్పుడు వినిపించి మళ్లీ గట్టిపడింది.

తర్వాత లేచినవాడు గండభైరవ నాయకుడు. లేచాడంటే లేవడానికి ప్రయత్నించి, కుదరక కూర్చునే మాట్లాడాడు. "నాకు మాత్రం ఆశా మహారాజా? అంతా జనం కోసమే. నేను లేకపోతే తుమ్మలసీమ ఏమైపోతుంది!"

మహారాజు ఒక కన్ను తెరిచాడు. "ఏమైపోతుంది?"

"అంటే... చూడాలి మహారాజా. అటువైపు వెళ్లి చాలా కాలమైంది."

తులాచార్యుడు గట్టిగా దగ్గి, తూకం మొదలుపెట్టమని సైగ చేశాడు. చెంగలి పీట పీటకూ పళ్లెం తిప్పింది. సభికులు ఒక్కొక్కరే సంచి విప్పి, కళ్లకద్దుకుని, పిడికెడు తీసి కుడి తట్టలో పోశారు. పసుపుపచ్చనిది, కావిరంగుది, బూడిదరంగుది. పదిహేను పిడికిళ్లయ్యాయి. ఓబుళమ్మ మాత్రం సంచిలో చెయ్యి పెట్టి కాసేపు ఆగిపోయింది. తర్వాత తల తిప్పుకుని తన పిడికెడు కూడా ఆ తట్టలోనే వదిలింది. కుడి తట్ట నేలకు తాకింది.

ఆచారం ప్రకారం మహారాజు మూడుసార్లు అడగాలి. "పాత కట్టడి తట్టలో వేసేవారెవరైనా ఉన్నారా?"

ఎవరూ పలకలేదు. మళ్లీ అడిగాడు. ఎవరో ఆవులించారు. మూడోసారి అడగబోతుండగా మీసాల భటుడు పళ్లెం ధన్‌మని కింద పడేశాడు.

"ఉండండి! ఆ తట్టలో ఉన్నది పదహారు సీమల మట్టి కాదు!"

"ఎవడ్రా నువ్వు?" అని తులాచార్యుడు అరిచేలోగా చెంగలి మహారాజు పక్కనున్న బంగారు చెంబు అందుకుని, నీళ్లన్నీ కుడి తట్టలో గుమ్మరించింది. పసుపు తేలిపోయింది. బొగ్గు కారిపోయింది. జేగురు ధారలు కట్టి ఏనుగు కాళ్ల మీద పడింది. తట్టలో మిగిలింది ఒకటే నల్లటి ముద్ద, అందులో వాడిన పూరేకులు.

మహారాజు సింహాసనం మీంచి ఒక్క దూకు దూకాడు. "ఇవి సంపెంగ రేకులు! ఇది నా తోట మట్టి! నా సంపెంగ మొదళ్లు ఎవర్రా తవ్వింది?" రాజ్యమంతా పోయినా అంత బాధపడి ఉండడు.

"అబద్ధం! ఇందులో నాది మా సీమ మట్టే. పన్నెండేళ్లు ఏలినవాణ్ణి, నాకు తెలియదా!" అన్నాడు గండభైరవుడు.

"తుమ్మలసీమ మన్ను ఏం రంగు సామీ?" అని అడిగింది చెంగలి.

గండభైరవుడు మెల్లిగా తన అరచేతిలోకి చూసుకున్నాడు. "పసుపుపచ్చన" అన్నాడు ధీమాగా.

"యాడైనా ఇంత దారుణం ఉందా! మా సీమ మన్ను ఎర్రన. మా కుండలెర్రన, మా బాటలెర్రన, వానొస్తే మా కోళ్లు కూడా ఎర్రనే. పన్నెండేళ్లు మా పేరు చెప్పుకుని కూర్చున్నావు, ఆ మాత్రం తెలీదా!" ఆ కోపంలో ఊపిరి గట్టిగా వదిలేసరికి మీసం ఊడి చెంబులో పడింది. సభ గొల్లున నవ్వింది.

ఓబుళమ్మ మాత్రం నవ్వలేదు. కర్ర ఊతంగా లేచి, తన సంచిలో మిగిలిన మట్టి నేల మీద కుమ్మరించింది. "ఈ పిల్ల చెప్పింది నిజం. నేను ఊరి మొహం చూసి తొమ్మిదేళ్లయింది. కాలవ గురించి ఇంతసేపు చెప్పినానే, అందులో నీళ్లు ఎంత లోతున పారతా ఉండాయో నాకు తెలీదు. నాకు సిగ్గుగా ఉంది మహారాజా."

సభికులు ఒకరి మొహాలు ఒకరు చూసుకోలేక పైకప్పులోని నీలమణులు చూశారు. కానీ తులాచార్యుడు ఏమాత్రం చలించలేదు. తట్టలోని బురద నింపాదిగా కింద పారబోసి, శాలువా సర్దుకున్నాడు.

"సరే, ఈ మట్టి చెల్లదు. కుడి తట్ట ఖాళీ. కానీ ఎడమ తట్ట కూడా ఖాళీయే కదా? తూకం సమంగా ఉన్నప్పుడు పొద్దు గుంకితే కొత్త శాసనమే నెగ్గినట్టు. ఇదీ పూర్వుల కట్టడే." గవాక్షం వైపు చూపించాడు. వెలుగు అప్పటికే పదిహేను స్తంభాలు దాటి, ఆఖరి స్తంభం మొదట్లో ఉంది. అది కొస దాటితే పొద్దు గుంకినట్టే. "చిటికెడు నిజమైన మట్టి చాలు. తెచ్చినవాళ్లున్నారా?"

చెంగలి రెండు వేళ్లు నోట్లో పెట్టుకుని ఈల వేసింది.

వంటశాల దిక్కున కాగు దొర్లిన చప్పుడు. ఎవరో కెవ్వుమన్నారు. కొమ్ములకు ఉల్లిపాయల దండ, వీపు మీద సగం పూసిన అల్లం ముద్దతో కోనప్ప మండపంలోకి దూసుకొచ్చాడు. వెనకాలే కత్తితో పెద్ద వంటవాడు. కోనప్ప ఒక కావలిభటుడి కాళ్ల మధ్య నుంచి దూరి, ఇంకొకణ్ణి పీటల మీద పడేసి, జారుకుంటూ వచ్చి చెంగలి ముందు ఆగాడు.

"ఈయన మా కోనప్ప. తుమ్మలసీమ కొత్త సభికుడు" అంది చెంగలి.

"పొట్టేలా!" అన్నాడు మహారాజు.

"చూశారా మహాప్రభూ, పిచ్చిది! ఇది పొట్టేలు కాక మరేమిటి?" అన్నాడు తులాచార్యుడు. అంతవరకు ఆగి ఉంటే బాగుండేది. కానీ కడుపు ఉబ్బుతోంది, ఏం చేస్తాడు పాపం! "మజ్జిగలో మేషచూర్ణం కలిపి వాణ్ణి ఇలా చేసింది నేనే, కానీ పొద్దు గుంకేలోపు వాడి పీట మీద వాడు కూర్చుంటేనే కదా..." అని, చటుక్కున రెండు చేతులతో నోరు మూసుకున్నాడు.

సభంతా అతని వైపు తిరిగింది. వంటవాడు కూడా కత్తి దించాడు.

వెలుగు ఆఖరి స్తంభం సగానికి ఎక్కింది. చెంగలి అన్నను వెల్లకిలా పడదోసి, మొల నుంచి తీగ లాగి, గిట్టల సందుల్లో గట్టిపడిన మన్నును పెళ్లలు పెళ్లలుగా పెకిలించింది. పది రోజులుగా కుంటించిన మన్ను. ఎర్రగా, తుమ్మలసీమ ఎరుపుగా, ఒక్కో పెళ్లా ఇటుకముక్కంత గట్టిగా ఉంది.

"చెల్లదు! సభికుడు స్వయంగా మోసి తెచ్చి ఉండాలి!" అని అరిచాడు తులాచార్యుడు.

"స్వయంగానే తెచ్చినాడు సామీ, నాలుగు కాళ్లతోనూ తెచ్చినాడు!" చెంగలి ఆ మట్టిని ఎడమ తట్టలో వేసింది. తట్ట ఒక్కసారి ఊగి, మెల్లిగా, మర్యాదగా కిందికి దిగింది.

"పాత కట్టడే నెగ్గింది!" అని ఓబుళమ్మ కర్రతో నేల మీద కొట్టింది.

ఇక మిగిలింది పీట. దాని మీద గండభైరవుడు రెండు చేతులతో అంచులు పట్టుకుని కూర్చుని, "లేవను! వెయ్యేళ్లు అన్నారు! మాటిచ్చారు!" అంటున్నాడు. వెలుగు స్తంభం కొసకు చేరింది. కోనప్ప నాలుగడుగులు వెనక్కి వేశాడు. కుంటు లేదు ఇప్పుడు. తల వంచాడు. ఆ తర్వాత గండభైరవుణ్ణి సభ చూసింది రతనాల లత పట్టుకుని స్తంభం మధ్యలో వేలాడుతుండగా. కోనప్ప గంతేసి పీట ఎక్కి, హాయిగా చతికిలబడ్డాడు.

ఉన్ని రాలింది. గిట్టలు వేళ్లయ్యాయి. అల్లం వాసన మాత్రం అలాగే ఉంది. చెంగలి "అన్నా!" అని అతని మెడ కావలించుకుని, పది రోజులుగా దాచుకున్న ఏడుపంతా ఏడ్చేసింది.

తులాచార్యుడు చూస్తూ ఊరుకునే రకమా? శాలువా విసిరేసి నల్లని కంబళి కప్పుకున్నాడు. కళ్లు నిప్పులు కక్కాయి, జుట్టు పాములై లేచింది. "త్రాసే లేకపోతే తీర్పెక్కడిది? రాత్రి పడేదాకా త్రాసు నిలబడితేనే తూకం పూర్తయినట్టు!" అని కంచు ఏనుగు నెత్తిన బెత్తంతో కొట్టాడు. ఏనుగు చెవులాడించింది. ఘీంకరించింది. తొండానికి త్రాసుతో సహా గాలిలోకి లేచి, నీలమణుల గుమ్మటాన్ని పగలగొట్టుకుని, వంకర ముక్కువాణ్ణి వీపున మోస్తూ ఉత్తరపు కొండల వైపు ఎగిరిపోయింది. "వచ్చే అమావాస్యలోపు కాకరాతి గుహకు వచ్చి త్రాసు తీసుకుపోకపోతే వాడు మళ్లీ పొట్టేలే!" అని పై నుంచి కేక వినబడింది. విరుగుడు చెప్పకుండా పోలేడుగా.

చెంగలి ఉలిక్కిపడి అన్న తల తడిమింది. అంతా మనిషే. కానీ నెత్తిన రెండు కొమ్ములు, మెలికలు తిరిగినవి, అలాగే ఉన్నాయి.

మహారాజు తన సొంత గుర్రాలు రెండు తెప్పించాడు. సంపెంగ తోట తవ్వినవాణ్ణి పట్టి తెమ్మని మరీ మరీ చెప్పాడు. ఓబుళమ్మ దగ్గరికి వచ్చి కోనప్ప భుజం తట్టింది. "ఒరే అబ్బాయ్, నేను నా పీట దిగి ఊరికి పోతా ఉన్నాను. నువ్వు తిరిగొచ్చినాక ఒకసారి మా గట్టుకు రా. తూము అంటే ఏందో నాలుగు రోజుల్లో నేర్పిస్తా. ఆరేళ్లు అక్కర్లేదు. మేమే ఎవురినీ అడక్క ఆరేళ్లు చేసుకున్నాం."

"అట్టాగే అవ్వా" అన్నాడు కోనప్ప. పది రోజుల తర్వాత దొరికిన గొంతు. ఊరికే వదులుతాడా? పీట మీద ఒకసారి అటూ ఇటూ కదిలి, దాని గుంటలో ఒళ్లు సరిగ్గా కుదిరిందో లేదో చూసుకుని, చెయ్యెత్తి సభవైపు తిరిగాడు. "సభకు నమస్కారం. ఉన్న మాట చెప్తున్నా. ఈ పీట ఎక్కినాక నాకు ఒక సంగతి తెలిసింది. చేయాల్సిన పని చూస్తే కొండంత ఉంది. ఆరేళ్లలో అయ్యేది కాదు. నికరంగా ఆలోచిస్తే ఆ పన్నెండేళ్లయినా..."

అతను ఎక్కి కూర్చుని ఇంకా తమలపాకు నమిలేంత సేపు కాలేదు.

చెంగలి కళ్లు తుడుచుకుంది. రెండు చేతులతో రెండు కొమ్ములూ గట్టిగా పట్టుకుని, ఒక్క గుంజుడుకు అన్నను పీట మీంచి కిందికి దించి, అలాగే ఈడ్చుకుంటూ గుర్రాల దగ్గరికి తీసుకుపోయింది.

"అబ్బా, నొప్పే! ఈ కొమ్ములు పోయేదాకా నాకు మనశ్శాంతి లేదు. ఎట్టాగైనా ఆ త్రాసు తెచ్చి ఇవి ఊడగొట్టించాలి, పద చెల్లీ!" అన్నాడు కోనప్ప, జీను ఎక్కుతూ.

"త్రాసు తెద్దాం లే అన్నా" అంది చెంగలి గుర్రాన్ని ఉత్తరానికి అదిలిస్తూ. "కొమ్ములు మాత్రం ఆరేళ్లు ఉండనీ. నిన్ను దించేటప్పుడు పట్టుకునేదానికి ఏదో ఒకటి ఉండాలి."